తాగుడు మాన్పించే పొడి యాడ్ ఆపి, తాగుడు ఎంత ముదిరిందో చెప్పే పది ప్రశ్నలు వేయండి సార్

ఎడిటర్ గారికి నమస్తే,

మీ పేపర్ మా షాపుకి ఇరవై ఏండ్ల నుంచి వస్తది. పొద్దున షట్టర్ లేపంగనే ఫస్ట్ పని అదే, ముందు జిల్లా పేజీ, ఆ తర్వాత చివర్లో క్లాసిఫైడ్స్. ఆ క్లాసిఫైడ్స్ గురించే ఈ లెటర్. ప్లాట్లు అమ్మబడును, బోర్లు వేయబడును, వధువు కావలెను, వీటి మధ్యలో ఒక యాడ్ నెలకు నాలుగైదు సార్లు పడుతది, మీరూ చూసే ఉంటరు. "తాగేవారికి తెలియకుండానే తాగుడు మాన్పించబడును. రుచి, వాసన లేని పొడి. చాయ్‌లో, అన్నంలో కలిపి ఇవ్వవచ్చు. కొరియర్ సౌకర్యం కలదు" అని, కింద ఒక సెల్ నంబర్. డాక్టర్ పేరు ఉండదు, ఊరి పేరు ఉండదు.

నేను డాక్టర్ను కాదు, ముందే చెప్తున్న. నిజామాబాద్ జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో మెడికల్ షాపు నడుపుకుంట బతికేటోన్ని. కాకపోతే ఇన్నేండ్లు కౌంటర్ వెనక నిలబడ్డంక కొన్ని సంగతులు డాక్టర్ల కంటే ముందే మా దగ్గరికొస్తయి. మొగుడు తాగుతుండని ఆడోళ్ళు డాక్టర్ దగ్గరికి పోరు సార్, మెడికల్ షాపుకే వస్తరు, అదీ రష్ తగ్గినంక, పక్కన ఎవరూ లేనప్పుడు.

పోయిన నెల అట్లనే ఒకామె వచ్చింది. చేతిలో మీ పేపర్ కటింగ్, ఒక తెల్ల ప్యాకెట్. "అన్నా ఇండ్ల ఏమున్నదో జర చూసి చెప్పవా" అన్నది. ప్యాకెట్ మీద కంపెనీ పేరు లేదు, మందు పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు, ఎక్స్‌పైరీ లేదు. నాకేం తెలుస్తది, వాసన చూసి చెప్పేది కాదు కదా. సంగతేందంటే ముందు రోజు మధ్యాహ్నం పప్పులో ఆ పొడి కలిపి పెట్టింది, ఆయన సాయంత్రం రోజు లెక్కనే ఒక క్వార్టర్ ఏసుకున్నడు, కాసేపటికే మొహం కుంకుమ పూసినట్టు ఎర్రగైంది, గుండె దడదడ, వాంతులు, చెమటలు, ఒక్కసారిగా కూలబడిపోయిండు. 108 ఫోన్ చేసి తీసుకపోతే బీపీ బాగా పడిపోయిందని చెప్పి రాత్రంత సెలైన్లు పెట్టిన్రట. దేవుని దయ, బతికిండు. నేను కొంచెం కోపంగనే "తెలియని పొడి ఎట్ల పెట్టినవమ్మా" అన్న. ఆమె అన్న మాట వినండి, "పేపర్‌ల ఏసిన్రు గదన్నా, పేపర్‌ల ఏస్తే నిజమే అనుకున్న."

ఆ మాట మీకు చేరాలనే ఇదంతా రాస్తున్న.

ఆ పొడిలో ఏముందో నేను ఒట్టేసి చెప్పలేను, కాని ఆమె చెప్పిన లక్షణాలన్నీ డైసల్ఫిరామ్ అనే గోలీ తిని మందు తాగితే అచ్చం ఎట్ల అయితదో అట్లనే ఉన్నయి. డైసల్ఫిరామ్ దొంగ మందేం కాదు, 1940ల్లో డెన్మార్క్‌లో దీని గుణం బయటపడ్డది, ఇప్పటికీ సైకియాట్రీ డాక్టర్లు రాస్తనే ఉన్నరు. మనం తాగిన ఆల్కహాల్ లివర్లో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషం లెక్క మారుతది, ఆ తర్వాత దాన్ని కూడా లివరే విరిచేస్తది. ఈ గోలీ ఆ రెండో పనిని ఆపుతది. అప్పుడు ఆ విషం ఒంట్లోనే పేరుకుని దడ, వాంతి, బీపీ డౌన్. "తాగితే ఇట్లయితది" అన్న భయం మీదనే ఆ గోలీ పనిచేస్తది. మరి తింటున్నట్టే తెలియనోడికి ఆ భయం ఎట్లుంటది? అందుకే డాక్టర్ దాన్ని మనిషికి చెప్పి, ఒప్పించి, గుండె లివర్ టెస్టులు చూసి, ఆఖరి సారి తాగి కనీసం 12 గంటలైనంకనే మొదలుపెడతడు. గోలీ ఆపేసినంక కూడా రెండు వారాల దాకా మందు తాగొద్దు, ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్ కూడా తాగొద్దు అని చెప్పి పంపిస్తడు. ఇన్ని షరతులున్న మందు లాంటిదాన్ని చాయ్‌లో, అన్నంలో కలిపి పెట్టుమంటున్నరు సార్ మీ యాడ్‌లో. గుండె వీక్ ఉన్నోడైతే ఆ రాత్రి దాటకపోవు.

ఇంట్లోవాళ్ళు ఆ పొడి ఎందుకు కొంటున్నరు అంటే తాగుడుకి ట్రీట్‌మెంట్ అనేది ఒకటుందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు కాబట్టి. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు దేశం మొత్తం సర్వే చేసి కేంద్రానికి రిపోర్ట్ ఇచ్చిన్రు, అందులో మందుకు పూర్తిగ బానిసైనోళ్ళు 38 మంది ఉంటే ఏదో ఒక ట్రీట్‌మెంట్ అందింది ఒక్కరికి, ఆసుపత్రిలో చేరి చేయించుకున్నది 180 మందిలో ఒక్కరు. మిగతా వాళ్ళంత ఏం చేస్తున్నరు? ఒట్టేయించుడు, తాయెత్తు, మాల వేయించుడు, గదిలో పెట్టి గొళ్ళెం పెట్టుడు, ఇగో ఈ పొడి. మాల వేసిన నలభై రోజులు మానేసేటోళ్ళు నిజంగనే ఉంటరు, నేను తక్కువ చేసి మాట్లాడుతలేను, కాని బాగా ముదిరినోడు ఒక్కసారిగా ఆపితే ఏమైతదో మా ఇంట్లోనే చూసిన.

2015 సెప్టెంబర్. మా జిల్లాలో, మెదక్, మహబూబ్‌నగర్ దిక్కు కూడా, ఎక్సైజ్ వాళ్ళు కల్తీ కల్లు మీద ఒక్కసారిగా దాడులు చేసిన్రు. మంచిదే చేసిన్రు, కాని తర్వాత ఏమైతదో ఎవరూ ఆలోచించలేదు. మా దిక్కు కల్లంటే అంతా చెట్టు కల్లు కాదు సార్, ఆ సంగతి అందరికీ తెలుసు. చెట్లు తక్కువ, తాగేటోళ్ళు ఎక్కువ, అందుకని నీళ్ళు, సాక్రిన్, నిషా కోసం అల్ప్రాజోలం, డయజిపామ్, సీహెచ్ అని పిలుస్తరు చూడండి ఆ క్లోరల్ హైడ్రేట్. అల్ప్రాజోలం ఒక్క స్ట్రిప్ అమ్మాలంటే నేను చీటీ చూసి, డాక్టర్ పేరు, పేషెంట్ పేరు రిజిస్టర్లో రాసి ఆ రిజిస్టర్ మూడేండ్లు దాచిపెట్టాలె, కల్లులో మాత్రం అదే మందు కిలోల లెక్కన కలుస్తది. అంటే మా ఊర్లో మనిషి పదేండ్లు కల్లు తాగిండంటే పదేండ్లు నిద్రగోలీలు మింగినట్టే.

మా బామ్మర్ది అట్లాంటోడే. కల్లు డిపో బంద్ అయిన రెండో రోజు చేతులు వణుకుడు మొదలైంది, మూడో రోజు రాత్రి గోడ మీద తేళ్ళు పాకుతున్నయని అరుపులు, వాళ్ళమ్మనే గుర్తుపట్టలేదు. మా అత్తమ్మ గాలి సోకిందన్నది. ఒక రాత్రి దర్గా కాడ పండబెట్టిన్రు. నేను మెడికల్ షాపు వాణ్నయ్యి కూడా నోరు మూసుకున్న, ఆ సంగతి ఒప్పుకోవాలె. తెల్లారి ఫిట్స్ వచ్చినంక అప్పుడు ఆటోలో వేసుకుని సర్కారు దవాఖానకు ఉరికినం. అక్కడ చూస్తే మంచాలు లేవు, కింద చాపల మీద కూడా ఇట్లాంటోళ్ళే.

డ్యూటీలో ఒక చిన్న వయసు డాక్టర్ ఉండె. అడిగిన మొదటి మాట, "తాగుతడా?" మా అత్తమ్మ వెంటనే "అయ్యో లేదు సారూ, మావోడు మందు ముట్టడు, కల్లే" అన్నది. అబద్ధం చెప్పలేదు ఆమె. మా దిక్కు కల్లు తాగుడు లెక్కలోకి రాదు, చిన్నపిల్లలకు జ్వరమొస్తే కూడా ఇంత పట్టేటోళ్ళు ఉన్నరు. ఆ డాక్టర్ తెలివైనోడు, అక్కడ ఆగలేదు. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేండ్ల నుంచి, పొద్దున లేవంగనే కావాల్నా, ఆఖరి సీసా ఏ రోజు ఏ టైంకి, ఇంతకుముందు ఎప్పుడన్న ఫిట్స్ వచ్చినయా, కల్లుతోపాటు ఇంకేమన్న గోలీలు గంజాయి ఉందా, అన్నీ అడిగి రాసుకున్నడు. ఐదు నిమిషాలు పట్టింది అంతే. ఆ ఐదు నిమిషాలే మావోణ్ని బతికించినయ్. "ఆఖరి సీసా నాలుగు రోజుల కింద" అన్న మాటతోనే ఇది గాలి కాదు పిచ్చి కాదు, ఒంట్లో మత్తుమందు ఖాళీ అయితే వచ్చే తంటా అని ఆయనకు తెలిసిపోయింది. చేతులు ముందుకు చాపించి వణుకు చూసుడు, చెమట, బీపీ, నాడి, ఇప్పుడేం కనపడుతుంది ఏం వినపడుతుంది అని అడుగుడు, వాటికి గంటగంటకూ మార్కులేసి ఆ మార్కుల్ని బట్టి డోసు పెంచుడు. అల్ప్రాజోలం జల్ది ఎక్కుతది జల్ది దిగుతది, అందుకే దిగినప్పుడు మనిషి పడిపోతడు, దాని బదులు నెమ్మదిగ దిగే డయజిపామ్ ఇచ్చి, తర్వాత దాన్ని కూడా వారాల మీద మెట్లు దిగినట్టు కొద్దికొద్దిగ తగ్గించుకుంట పోయిన్రు. (ఇది చదివి ఎవరన్న డయజిపామ్ కోసం మా షాపుకొస్తే ఇయ్యను, అది కూడా అలవాటైపోయే మందే, లివర్ పాడైనోళ్ళకు అది కాదు లోరాజిపామ్ లాంటివి వాడుతరు, అది డాక్టర్ చూసుకునే పని.)

మందు తాగేటోళ్ళకు కూడా ఇంచుమించు ఇదే కథ. ఆపిన రోజే వణుకు మొదలైతది, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, రెండు మూడు రోజులకు ఆ తేళ్ళు, పాములు కనపడే దశ. అన్నింట్లోకి అదే డేంజర్, ప్రాణం పోతది. అందరికీ రాదు, బాగా ముదిరినోళ్ళకు, ముందు ఫిట్స్ వచ్చినోళ్ళకు ఎక్కువ భయం. ఇంకోటి, ఊర్లలో మనిషి నీరసంగ ఉన్నడంటే ఆర్ఎంపీని పిలిచి గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తరు. ఏండ్ల తరబడి అన్నం సరిగ తినకుండ తాగినోడి ఒంట్లో బీ1 విటమిన్ ఉండదు, అది ఇయ్యకుండ ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కొంచెం బీ1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటది, కండ్లు తిప్పలేడు, నడక తూలుతది, మతి తప్పుతది, మళ్ళ వాళ్ళంత "ఇంకా నిషా దిగలేదు" అనుకుంటరు. ఆ బీ1నే థయమిన్ అంటరు, దాని ఇంజెక్షన్ అంటే ఎంత సార్, చాలా తక్కువ రేటు మందు. గ్లూకోజ్ కంటే ముందు అది పడాలె. ఈ ఒక్క లైన్ మీ పేపర్లో పెద్దక్షరాల్లో వేసినా చాలు అనిపిస్తది నాకు.

2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు రాత్రికి రాత్రి మూతపడితే మళ్ళ ఇదే సినిమా, ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్ ముందట లైన్లు మీ పేపర్లోనే ఫొటోలు వేసిన్రు. అదే ఏడాది జులై ఆఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి జనం చచ్చిపోయిన్రు. తాగుబోతులకు బుద్ధి లేదు అనుడు ఈజీ. బుద్ధి ఉన్నోడు శానిటైజర్ ఎందుకు తాగుతడు, ఒంట్లో ఏం జరిగితే ఒక మనిషి ఆ బాటిల్ మూత తీస్తడు అని అడగాలె. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లుతో జనం చనిపోయిన్రు, మళ్ళ దాడులు, మళ్ళ డిపోలు సీజ్. దాడి చేసే రోజే ఆ ఏరియా పీహెచ్‌సీలో డయజిపామ్, థయమిన్ ఉన్నయా లేవా అని ఒక్క రిపోర్టర్ అన్న చూసి రాయాలె కదా.

సరే ఇప్పుడు పది ప్రశ్నల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు తయారుచేసింది, ఆడిట్ అని పేరు, లెక్కల ఆడిట్ కాదు తాగుడు ఆడిట్. ఎన్ని రోజులకొకసారి తాగుతవు, తాగిన రోజు ఎంత తాగుతవు, ఒకేసారి ఆరు డ్రింకులు గని అంతకంటే ఎక్కువ గని తాగుడు ఎంత తరచుగ, మొదలుపెడితే ఆపలేకపోయిన రోజులున్నయా, తాగుడు వల్ల చేయాల్సిన పని ఆగిందా, పొద్దున లేవంగనే ఒకటి పడితేగాని నడవని రోజులున్నయా, తాగినంక తప్పు చేసిన అనిపించిందా, రాత్రి జరిగింది పొద్దున యాదికి లేకపోవుడు ఉందా, నీ తాగుడుతో నీకో ఇంకొకరికో దెబ్బ తగిలిందా, ఇంట్లోవాళ్ళో డాక్టరో తగ్గించుకోమన్నరా. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 40. ఎనిమిది గని ఆపైన గని వస్తే జాగ్రత్త పడాలె, ఇరవై గని ఆపైన గని వస్తే బానిసైనట్టే అనుకుని డాక్టర్ దగ్గరికి పోవాలె, ఇంట్లో ఒక్కసారి ఆపుడు పెట్టుకోవద్దు.

ఇందులో డ్రింక్ అంటే ఏందో మనోళ్ళకు తెలియక మోసపోతరు. వాళ్ళ లెక్కలో డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్, మన విస్కీ 30 ఎంఎల్ పెగ్గు ఒకటి. అంటే 180 ఎంఎల్ క్వార్టర్ సీసా ఆరు డ్రింకులు. "నేనేం పెద్ద తాగుబోతునా అన్నా, రోజుకు ఒక్క క్వార్టరే" అనేటోడు మూడో ప్రశ్నకే ఫుల్ మార్కులు కొట్టేసినట్టు. మళ్ళ మన దగ్గర ఈ ప్రశ్నలు అడిగేటప్పుడు "మందు తాగుతవా" అని కాకుండ "మందు, బీరు, కల్లు, గుడుంబా, ఏదన్న" అని విడివిడిగ అడగాలె, లేకపోతే మా అత్తమ్మ జవాబే వస్తది. ఆడోళ్ళను కూడా అడగాలె. మా దిక్కు కల్లు తాగే ఆడోళ్ళు తక్కువేం లేరు, వాళ్ళను ఎవరూ అడగరు, వాళ్ళూ చెప్పరు.

బామ్మర్ది కథ అక్కడితో అయిపోలేదు. దవాఖాన నుంచి మంచిగనే వచ్చిండు, దసరాకు చుట్టాలొచ్చిన్రు, "పండుగ పూట ఒక్కటే" అన్నరు, మళ్ళ మొదలు. అప్పుడు ఇంట్లోవాళ్ళు సిటీ బయట ఒక ప్రైవేట్ డీఅడిక్షన్ సెంటర్లో మూడు నెలలు వేసిన్రు, పైసలు బాగనే గుంజిన్రు. డాక్టర్ వచ్చేది ఎప్పుడో, ఫోన్ ఇయ్యరు, గొడవ చేస్తే మంచానికి గొలుసు. మూడు నెలలు పూర్తి చేసుకుని వచ్చినోడు ఇంటికి చేరకముందే బస్టాండ్‌లో తాగిండు. తర్వాత తెలిసిందేందంటే 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో తాగుడు, డ్రగ్స్ వల్ల వచ్చే జబ్బులు కూడా మానసిక జబ్బుల కిందనే వస్తయి, ఇసొంటి సెంటర్లకు రిజిస్ట్రేషన్ ఉండాలె, మనిషిని ఏ రకంగనైన గొలుసులతో కట్టుడు నిషేధం. ఇప్పుడు ఎవరన్న నన్ను అడిగితే ముందు ఆ రిజిస్ట్రేషన్ కాగితం చూపించుమని అడగండి, రోజూ వచ్చే డాక్టర్ ఎవరో అడగండి అంటున్న.

అసలు మర్మం మూడోసారి బయటపడ్డది. సర్కారు దవాఖాన సైకియాట్రీ ఓపీలో ఒక మేడమ్, తాగుడు గురించి కాకుండ నిద్ర గురించి అడిగింది. అప్పుడు చెప్పిండు. దుబాయ్‌లో నాలుగేండ్లు చేసి అప్పు తీరకుండనే వాపస్ వచ్చినోడు, వచ్చిన కాడి నుంచి రాత్రుళ్ళు నిద్ర లేదు, అప్పులోళ్ళ మొహాలే కనపడుతుండె, కల్లు తాగితే నిద్ర పడుతుండె. ఎందుకు పట్టదు, అందులో ఉన్నదే నిద్రగోలీ కదా. పదేండ్లు మాకెవరికీ చెప్పలేదు, మేం అడగలేదు, "ఎందుకు తాగుతవురా" అని తిట్టినం గని ప్రశ్న లెక్క అడగలేదు. ఆమె డిప్రెషన్‌కి గోలీలు రాసింది, పదిహేను రోజులకొకసారి రమ్మన్నది, మా చెల్లెను, అంటే వాడి భార్యను, కూడా వెంట కూర్చోబెట్టుకుని మాట్లాడింది. తాగాలన్న యావ తగ్గడానికి నాల్ట్రెక్సోన్ లాంటి మందులు కూడా ఉన్నయి, అవి ఎవరికి సరిపోతయో లివర్ చూసి వాళ్ళు చెప్తరు. ఆ తర్వాత కూడా రెండుసార్లు జారిండు, ఒకసారి మా మామ దినాల నాడు, ఇంకోసారి కారణమే లేదు. మేడమ్ తిట్టలేదు, "ఎన్ని రోజులు ఆపగలిగినవ్, ఆ రోజుల్లో ఏం చేసినవ్" అని అడిగిందట. షుగర్ పేషెంట్ పండుగకు లడ్డూ తింటే డాక్టర్ మందు మారుస్తడు గని ట్రీట్‌మెంట్ వేస్ట్ అనడు కదా, అట్లనే. ఇప్పుడు ఆటో నడుపుతున్నడు, ఓపీకి మూడు నెలలకొకసారి పోతున్నడు, వాడే తీసుకపోతడు ఇంకో ఇద్దరిని.

అందుకని నా రిక్వెస్ట్. ఆ పొడి యాడ్ ఇకముందు తీసుకోవద్దు. యాడ్ పైసలు పోతయి, నాకు తెలుసు, నేనూ చీటీ లేకుండ నిద్రగోలీలు అమ్మక గిరాకీ పోగొట్టుకున్నోన్నే. దాని ప్లేసులో డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఈ రెండు నంబర్లు వేయండి, రెండూ ఫ్రీ, ఒక్క అంకెనే తేడా కాబట్టి ప్రింటింగ్‌లో జర చూసుకోండి. ఇంకా ఆ పది ప్రశ్నలు, మార్కులతో సహా, కల్లు పేరు రాసి మరీ.

నేను వాటిని చేత్తో రాసి షాపు కౌంటర్ పక్కన అంటించిన. అమృతాంజన్ కొననీకి వచ్చినోళ్ళు అమృతాంజన్ తీసుకున్నంక కూడా కాసేపు అక్కడే నిలబడుతున్నరు, వేళ్ళ మీద లెక్కేసుకుంటున్నరు. మొన్న ఒక పోరడు, ఇరవై అయిదు ఉంటయేమో, "అన్నా 17 వస్తే ఏంది" అని మెల్లగ అడిగి, నేను చెప్పేలోపే "నాకు కాదు, మా దోస్తుకు" అన్నడు.

మీ పొడి యాడ్‌ను స్కేలు పెట్టి కొలిచిన, 4 సెంటీమీటర్లకు 6. పది ప్రశ్నలు అందులో పట్టవు. ఒక ఆదివారం క్వార్టర్ పేజీ ఇవ్వండి సార్.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు ఆయన,
నిజామాబాద్ జిల్లా